నాటుకోడి పక్కన ఏ సీసా?

ప్రశ్న: హనుమకొండలో మేం తరచూ వెళ్లే చిన్న రెస్టారెంట్ ఒకటుంది. ఎనిమిది బల్లలే. మన వంటలనే శ్రద్ధగా, ఒకదాని తర్వాత ఒకటిగా వడ్డిస్తారు. బార్ లైసెన్స్ ఉంది, వైన్ జాబితా కూడా పెట్టారు. పోయినసారి మా పెళ్లిరోజున నాటుకోడి పులుసు తింటూ, జాబితాలో అన్నిటికంటే ఖరీదైన కాబర్నే అనే ఎర్ర వైన్ తీసుకున్నాం. రెండో గుక్కకే నోరంతా మంట. వైన్ కషాయంలా చేదుగా తగిలింది. ఏప్రిల్ చివర్లో డాలస్ నుంచి అక్క, బావ వస్తున్నారు. బావకు వైన్ అంటే ఇష్టం, అందులోనూ ఎర్రది. బాపు, అమ్మ ముట్టరు. మొత్తం ఆరుగురం, తాగేది నలుగురం. మెనూలో సర్వపిండి, కొరమీను వేపుడు, మిరియాల యాట వేపుడు, చింతచిగురు మాంసం, పుంటికూర మాంసం, నాటుకోడి పులుసు, జొన్నరొట్టె, బగారా అన్నం, పచ్చిపులుసు, పోలెలు, డబుల్ కా మీఠా ఉంటాయి. వైన్‌లలో బుడగలవి నాసిక్ బ్రూట్, ఇటలీ ప్రొసెక్కో; తెల్లవి షెనిన్ బ్లాంక్, సొవిన్యోన్ బ్లాంక్; గులాబీ రంగుది జిన్‌ఫాండెల్ రోజే; ఎర్రవి శిరాజ్, కాబర్నే; తీపిది లేట్ హార్వెస్ట్ చిన్న సీసా ఉన్నాయి. శిరాజ్, సొవిన్యోన్ గ్లాసు లెక్కన కూడా ఇస్తారు. దేనికి ఏది చెప్పాలి? పోయినసారిలా కావొద్దు.
— ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ముందు ఆ కాబర్నే సంగతి చూద్దాం. సీసా చెడిపోయి ఉండకపోవచ్చు. నాటుకోడిలోనూ లోపం ఉండకపోవచ్చు. మాంసం కదా అని ఎర్ర వైన్ తీసుకున్నారు. అందరూ చెప్పే లెక్కే అది. కానీ ఆ లెక్క పుట్టిన యూరప్ వంటిళ్లలో మన లెక్కన ఎండుమిర్చీ పడదు, చింతపండూ పడదు. అక్కడ పళ్లెంలో పెద్దరికం మాంసానిది, దాని కొవ్వుది. మన పళ్లెంలో పెద్దరికం పులుసుది. అది కోడా, యాటా, చేపా అన్నది తర్వాత చూసుకోవచ్చు. కారం ఎంత, పులుపు ఎంత అన్నది ముందు చూడాలి. మీ మెనూ మొత్తానికి ఈ ఒక్క వరసే పట్టుకుని వెళదాం.

ఉగాది పచ్చడి ఎరిగిన నాలుకకు ఇది చెప్పడం తేలిక. ఎర్ర వైన్ గురించి మాట్లాడేవాళ్లు టానిన్ అంటుంటారు. మన మాటలో అది వగరు. మామిడి పిందె కొరికితే నోరు పట్టేసినట్టుంటుంది చూడండి, అదే. ద్రాక్ష తొక్క నుంచి, గింజల నుంచి, కొంత ఓక్ పీపాల నుంచి వస్తుంది. లాలాజలంలోని ప్రొటీన్లను అంటుకుని నోట్లో ఉండే జారుడును తీసేస్తుంది. కారంతో మండుతున్న నోట్లో ఆ జారుడు కూడా పోతే మంట గరుకుగా గీసుకున్నట్టు తెలుస్తుంది.

రెండోది ఆల్కహాల్. మిరపలోని కాప్సైసిన్ మన నోట్లో ఏ గ్రాహకాన్ని తాకుతుందో, అది మామూలుగా 42 డిగ్రీల దగ్గర వేడిని పసిగట్టేది. ఆల్కహాల్ తగిలితే ఆ హద్దు దాదాపు 34 డిగ్రీలకు దిగుతుంది. నోటి వేడి అంతకంటే ఎక్కువే ఉంటుంది కాబట్టి ఒట్టి లాలాజలమే కాలినట్టు అనిపిస్తుంది. 14 శాతం ఆల్కహాల్ ఉన్న ఎర్ర వైన్ నాటుకోడి మంటను చల్లార్చదు, ఎగదోస్తుంది. మూడోది పులుపు. కూరలో పులుపు వైన్‌లో పులుపును మించితే వైన్ చప్పబడిపోతుంది, పండు రుచి వెనక్కి పోతుంది. చివరికి నాలుక మీద మిగిలేది వగరూ చేదే. మీరు కషాయం అన్నది దాన్నే.

మరి ఏది కుదురుతుంది? దీనికి జవాబు మన ఊళ్లలో ఎప్పటినుంచో ఉంది. నాటుకోడి కూరకు జతగా తాటివనంలో జనం తాగేది కల్లు. అది కొంచెం తీపి, కొంచెం పులుపు, సన్నటి నురగ. ఆల్కహాల్ వైన్‌లో సగం కూడా ఉండదు, వగరు దాదాపు లేదు. పొద్దున్నే దించింది చల్లగానే ఉంటుంది. కారం కూర పక్కన వైన్‌లో ఏయే గుణాలు ఉండాలో అవన్నీ అందులో ఉన్నాయి. తీపి మంటను అణుస్తుంది. పులుపు పులుసుకు ఎదురు నిలుస్తుంది. జాబితాలో మీరు వెతకాల్సింది కల్లుకు దగ్గర చుట్టాన్ని. రంగు, ధర, దేశం చూసి ఎంచితే మళ్లీ కాబర్నే దగ్గరికే వెళతారు. ఖరీదైన ఎర్ర వైన్‌లో వగరు, ఓక్, ఆల్కహాల్ మూడూ ఎక్కువే ఉండటం మామూలు. అందుకే జాబితాలో అన్నిటికంటే పైన ఉన్న ధరే మిమ్మల్ని ఎక్కువ ఇబ్బంది పెట్టింది.

బల్ల చెప్పేటప్పుడే ఫోన్‌లో ఒక మాట అడగండి: నాటుకోడిలో వేసేది తేజ మిర్చి కారమా, చపాటానా? వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు రెండూ వస్తాయి. తేజ సన్నగా ఉంటుంది, ఘాటు బాగా ఎక్కువ. చపాటా లావుగా, టమాటలా ఎర్రగా ఉంటుంది. రంగు దండిగా ఇస్తుంది, కారం తక్కువ. 2025లో వరంగల్ చపాటాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది కూడా. గిన్నెలో రెండు కూరలూ ఒకేలా ఎర్రగా కనిపిస్తాయి, కానీ వైన్ దగ్గరికి వచ్చేసరికి అవి రెండు వేరే వంటలు. ఆ పూటకు సగానికి పైగా చపాటా వేసి వండమని రెండు రోజుల ముందు చెబితే చిన్న వంటిల్లు కాబట్టి ఒప్పుకునే వీలుంది. అప్పటికప్పుడు బల్ల దగ్గర కూర్చుని కారం తగ్గించమంటే కుదరదు. పులుసు అప్పటికే ఉడికి ఉంటుంది. నీళ్లో పెరుగో కలిపి ఇస్తే రుచి చెడుతుంది తప్ప ప్రయోజనం లేదు.

ఇక వంటల వరస. సర్వపిండితో మొదలుపెట్టండి, పక్కన నాసిక్ బ్రూట్ తెరిపించండి. బియ్యప్పిండి, నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కరివేపాకు, పచ్చిమిర్చి కలిపి గిన్నెకు ఒత్తి, వేలితో రంధ్రాలు చేసి నూనె వేసి కాలుస్తారు. అడుగున కరకర, పైన మెత్తదనం, నోటినిండా నూనె, వేగిన నువ్వుల వాసన. బ్రూట్‌లోని బుడగలు, పులుపు ఆ నూనెను కడిగేస్తాయి. నాసిక్‌లోని పేరున్న కంపెనీలు బ్రూట్‌ను షాంపేన్ పద్ధతిలోనే, సీసాలోనే రెండోసారి పులియబెట్టి చేస్తాయి. పులియబెట్టిన ఈస్ట్ మీదే నెలల పాటు ఉండటం వల్ల దానికి కాల్చిన రొట్టె వాసన వస్తుంది. వేగిన నువ్వుల పక్కన ఆ వాసన చుట్టరికం కలిపినట్టే ఉంటుంది. సర్వపిండి వేడిగా, గిన్నె నుంచి తీసిన వెంటనే రావాలి. చల్లారితే నూనె పేరుకుంటుంది, అప్పుడు ఏ వైన్ తోడొచ్చినా లాభం లేదు. చల్లారక ముందే వైన్ గ్లాసుల్లో ఉండేలా చూసుకోండి.

ప్రొసెక్కో అడుగుదామా అనుకుంటే సీసా మీద ఒక్క మాట చదవండి. అక్కడ చాలామంది పొరబడతారు. ఎక్స్‌ట్రా డ్రై అని ఉంటే తీపి అసలే లేనిదనుకుంటారు. నిజానికి అది బ్రూట్ కంటే తీపి. బ్రూట్‌లో లీటరుకు 12 గ్రాముల లోపు చక్కెర ఉంటుంది, ఎక్స్‌ట్రా డ్రైలో 12 నుంచి 17 గ్రాములు, ఒట్టి డ్రై అని రాస్తే 17 నుంచి 32. పచ్చిమిర్చి ఎక్కువ వేసే చోట సర్వపిండికి ఎక్స్‌ట్రా డ్రై ప్రొసెక్కోనే నయం. నువ్వుల వాసనకు బ్రూట్ నయం. రెండూ తెరిపించొద్దు, ఒకటి చాలు.

అదే బ్రూట్ కొరమీను వేపుడుకు కూడా నడుస్తుంది. రాష్ట్ర చేప కాబట్టి బావకు ఎలాగూ తినిపించాలనుకుంటారు. నిమ్మచెక్క పక్కనే పెట్టించుకోండి. చేప మీద నాలుగు చుక్కలు పిండితే వైన్ పులుపుకూ చేప పులుపుకూ పొత్తు కుదురుతుంది. వేపుడు కాకుండా పులుసు పెట్టించుకుంటే మాత్రం బ్రూట్ వద్దు. చింతపులుసులో కారం తోడైతే బుడగలే నాలుకను గుచ్చుతాయి. గ్యాస్ గట్టిగా ఉన్న వైన్ ఎక్కువ కారం మీద సూదులు దిగినట్టుంటుంది. కల్లు నురగ మెల్లనిది, బ్రూట్ గ్యాస్ అలా కాదు.

బావ ఎర్ర వైన్ ఇక్కడ వస్తుంది, పులుసులన్నిటికంటే ముందు. మిరియాల యాట వేపుడు చెప్పండి, శిరాజ్ గ్లాసు లెక్కన తెప్పించండి. మిరియాల ఘాటు మిరపకాయ ఘాటు కాదు. అది కాప్సైసిన్ కాదు, పైపెరిన్. పైగా మిరియాల వాసనలో రోటండోన్ అనే పదార్థం ఉంటుంది. శిరాజ్ ద్రాక్షలోనూ సరిగ్గా అదే ఉంటుంది. కొన్ని శిరాజ్‌లు గ్లాసులో మిరియాల డబ్బా తెరిచినట్టు వాసన వేయడానికి కారణం ఇదేనని ఆస్ట్రేలియా పరిశోధకులు 2008లో తేల్చారు. వేపుడులో ఉప్పు, కొవ్వు వగరును మెత్తబరుస్తాయి. పులుపు లేదు కాబట్టి వైన్ చప్పబడదు. బావకు తన ఇష్టమైనది తన ఇష్టమైన తీరులో అందుతుంది. వంటింటికి ఒక్క మాట చెప్పాలి: ఈ వేపుడులో పచ్చిమిర్చి, కారంపొడి వద్దు, మిరియాలు అప్పుడే కచ్చాపచ్చాగా దంచి దించే ముందు వేయాలి. ముందే వేసి ఉడికిస్తే వాసన ఎగిరిపోయి ఒట్టి మంట మిగులుతుంది.

చింతచిగురు మాంసం, పుంటికూర మాంసం రెండూ చెప్పొద్దు. రెండూ పులుపు కూరలే, ఒకదాని వెంట ఒకటి వస్తే రెండో దానికి నాలుక మొద్దుబారి ఉంటుంది. ఏప్రిల్ కాబట్టి చింతచిగురే తీసుకోండి. పుంటికూర ఏ నెలలోనైనా దొరుకుతుంది, లేత చింతచిగురు ఎండాకాలం దాటితే దొరకడం కష్టం. డాలస్‌లో అక్కకు అది తాజాగా అందడం కష్టం. ఈ మెనూలో వైన్‌కు అన్నిటికంటే బాగా కుదిరే మాంసం కూర కూడా ఇదే. పుంటికూర పులుపు సూటిగా, పదునుగా ఉంటుంది. చింతచిగురు పులుపులో పచ్చి ఆకు వాసన, అడుగున సన్నటి వగరు ఉంటాయి. సొవిన్యోన్ బ్లాంక్‌లో కూడా ఆకుపచ్చ వాసనే ప్రధానం. పచ్చి క్యాప్సికం, కోసిన గడ్డి, జామకాయ తొక్క గుర్తుకొస్తాయి. పులుపు గట్టిగా ఉంటుంది కాబట్టి చిగురు ముందు తలవంచదు. కూర వండే తీరు కూడా చూడాలి. చిగురును అరచేతుల మధ్య నలిపి, మాంసం ఉడికాక వేసి ఏడెనిమిది నిమిషాలకు మించకుండా ఉంచితే ఆ వాసన నిలుస్తుంది. మొదటి నుంచీ కుక్కర్లో వేస్తే నల్లబడి చింతపండు కూరలాగే మిగులుతుంది. అప్పుడు సొవిన్యోన్ పెట్టినా దానికి కుదరాల్సిన వాసన ఉండదు. కూర నల్లగా వస్తే తెలుస్తుంది కాబట్టి, ఆర్డర్ ఇచ్చేటప్పుడే చిగురు ఎప్పుడు వేస్తారని అడగడంలో తప్పేం లేదు.

ఈ కూరకు జొన్నరొట్టె పెట్టించుకోండి, అన్నం వద్దు. పొడి రొట్టె నోట్లోని పులుపును పీల్చుకుంటుంది, గుక్కకూ ముద్దకూ మధ్య నాలుక శుభ్రపడుతుంది.

నాటుకోడి పులుసుకు షెనిన్ బ్లాంక్. కానీ ఏ షెనిన్? మన దేశంలో ఈ ద్రాక్షతో పొడిగానూ, అంటే తీపి మిగలకుండా చేస్తారు, కాస్త తీపి మిగిల్చీ చేస్తారు. మీకు కావలసింది రెండోది. వెనక చీటీ మీద ఆఫ్ డ్రై అనో, సెమీ స్వీట్ అనో ఉంటుంది. ఏమీ లేకపోతే వడ్డించే అతన్ని ఒక గుటక రుచి చూపించమనండి. పెదవులు ముడుచుకునేంత పొడిగా ఉంటే అది వద్దు. ఆ తీపి ఒట్టిగా తాగితే కొంచెం ఎక్కువనిపించొచ్చు, అక్కడే బావ మొహం చిట్లించొచ్చు. నాటుకోడి ముద్ద తిన్నాక అదే గుక్క తీపిగా అనిపించదు. కారం ఆ తీపిని మింగేస్తుంది, వైన్‌లోని పండు రుచి పైకి వస్తుంది. నాటుకోడి మసాలాలో వేయించిన కొబ్బరి, గసగసాలు, ధనియాలు ఉంటాయి. ఆ కమ్మదనానికీ షెనిన్‌లోని యాపిల్, తేనె లాంటి వాసనకూ బాగా పొసుగుతుంది. వంటింట్లో చపాటా కారమే వాడితే జిన్‌ఫాండెల్ రోజే కూడా నడుస్తుంది. పుంటికూర తప్పదనుకుంటే దానికీ రోజేనే. తేజ అయితే షెనిన్ తప్ప వేరే దారి లేదు.

తాగే తీరు కూడా ముఖ్యమే. ఒట్టి పులుసు నాలుక మీద ఉండగానే గుక్క వేయొద్దు. బగారా అన్నంలో కలిపిన ముద్ద తిని, పది క్షణాలు ఆగి, అప్పుడు చిన్న గుక్క. అన్నం మంటను కొంత తగ్గిస్తుంది. మండుతోందని వైన్‌ను నీళ్లలా గటగటా తాగడం దగ్గరే చాలామంది పూట పాడు చేసుకుంటారు. కాప్సైసిన్ నీళ్లతో పోదు, వైన్‌లో ఉండే కాస్త ఆల్కహాల్‌తోనూ పోదు. దాన్ని విడదీసేది పాలల్లో, పెరుగులో ఉండే కేసీన్ అనే ప్రొటీన్. బల్ల మీద చిన్న గిన్నెలో గడ్డ పెరుగు ఉంచమనండి. మంట పట్టలేనప్పుడు ఒక చెంచా పెరుగు తిని, ఒక ముద్ద ఒట్టి అన్నం తిని, అప్పుడు వైన్ దగ్గరికి రండి.

పచ్చిపులుసు వచ్చాక గ్లాసులు పక్కన పెట్టేయండి. ఉడికించని చింతపండు రసం, కాల్చిన పచ్చిమిర్చి, ఉల్లిగడ్డ ముక్కలు కలిసిన దాని ముందు ఏ వైన్ కూడా నిలవదు. అది వైన్ కోసం పుట్టింది కాదు, అన్నం కోసం పుట్టింది. దాన్ని దానిలాగే తినండి. ఒక చిన్న విశేషం: చింతపండులో ప్రధానంగా ఉండే పులుపు టార్టారిక్ ఆమ్లం, ద్రాక్షలో ప్రధానంగా ఉండేదీ అదే. తెల్ల వైన్ సీసా అడుగునో, బిరడా కిందనో చక్కెర పలుకుల్లాంటివి కనిపిస్తే కంగారు పడొద్దు. గాజు ముక్కలు కావవి, చలికి పేరుకున్న ఆ పులుపు లవణాలే. హాని లేదు, సీసా వెనక్కి పంపనక్కర్లేదు.

వెనక్కి పంపాల్సిన సీసాలు వేరే ఉన్నాయి. మన ఎండల్లో ఇది తప్పనిసరిగా చూసుకోవాలి. నాసిక్ నుంచి లారీలో వచ్చి, గోదాముల్లో నిలిచి, ఏప్రిల్‌లో 40 డిగ్రీలు దాటే ఊళ్లో సీసా ఎన్ని రోజులు ఎక్కడ ఉందో తెలియదు. వేడికి వైన్ ఉబ్బి బిరడాను పైకి నెడుతుంది. సీసా బల్ల దగ్గరికి తెచ్చి చూపించినప్పుడు మూత కప్పిన రేకును వేలితో తడమండి. బిరడా ఉబ్బి ఉన్నా, కింద జిగురుగా కారిన గీత ఉన్నా ఆ సీసా ఉడికిపోయినట్టే. తెల్ల వైన్ లేత గడ్డి రంగులో ఉండాలి, టీ రంగుకు తిరిగితే వద్దు. రోజే గులాబీ రంగు పోయి ఉల్లిపొట్టు రంగుకు, ఆపైన గోధుమ రంగుకు దిగితే కూడా అంతే. మన దగ్గర ద్రాక్ష కోత జనవరి నుంచి మార్చి దాకా సాగుతుంది. సీసా మీద ఉన్న ఏడు ఆ కోతది. షెనిన్, సొవిన్యోన్, రోజే అయితే రెండేళ్లకు మించి పాతవి తీసుకోవద్దు. పాతబడే కొద్దీ బాగుపడతాయన్నది వీటికి వర్తించదు. వైన్స్ అని బోర్డు ఉన్న దుకాణాల్లో ఎక్కువగా కదిలేది బీరు, విస్కీలే కాబట్టి వైన్ సీసా అరలో నెలల తరబడి నిలబడి ఉంటుంది. అక్కడ కొనే రోజు ఎప్పుడైనా వస్తే ఇదే పరీక్ష ఇంకా గట్టిగా చేయండి.

మొదట కొంచెం పోసి చూడమంటారు. అది నచ్చిందో లేదో చెప్పడానికి కాదు, చెడిందో లేదో చూడటానికి. ముక్కు దగ్గర పెట్టుకోండి. తడిసిన అట్టపెట్టె, ముక్కిన గోనెసంచి వాసన వస్తే బిరడా పాడైంది. సిర్కా వాసన వస్తే గాలి పడింది. రెండిట్లో ఏదైనా మర్యాదగా చెప్పి మార్పించుకోవచ్చు. గ్లాసు లెక్కన తెప్పించే శిరాజ్‌కు, సొవిన్యోన్‌కు సీసా ఎప్పుడు తెరిచారని అడగండి. ఆ రోజో, నిన్ననో అయితే సరే. మూడో రోజు దాటితే కొత్తది తెరవమనండి, తెరవనంటే వదిలేయండి.

చల్లదనం సంగతి చాలామంది తేలిగ్గా తీసుకుంటారు, కానీ ఈ పూట నిలబడేదీ పడిపోయేదీ దాని మీదే. బ్రూట్ 6 నుంచి 8 డిగ్రీలు, షెనిన్, సొవిన్యోన్, రోజే 8 నుంచి 12, శిరాజ్ 16 నుంచి 18. ఎర్ర వైన్ గది వేడిలో ఇవ్వాలన్న మాట చలి దేశాల రాతిగోడల గదులకు సంబంధించింది. హనుమకొండలో ఏసీ గదే 25 డిగ్రీలుంటుంది. ఆ వేడిలో శిరాజ్ పోస్తే ముందు ఆల్కహాల్ వాసనే ముక్కుకు కొడుతుంది. పోయినసారి మీ కాబర్నేకు ఇది కూడా తోడై ఉండొచ్చు. శిరాజ్‌ను వడ్డించే ముందు 40 నిమిషాలు ఫ్రిజ్‌లో, లేదా 10 నిమిషాలు ఐసు నీళ్లలో పెట్టమనండి. తెల్లవాటికి బకెట్‌లో ఒట్టి ఐసు ముక్కలు పోస్తారు, అది సరిగా పని చేయదు. ముక్కల మధ్య గాలి ఉంటుంది కదా. సగం ఐసు, సగం నీళ్లు, గుప్పెడు ఉప్పు వేసి సీసా మెడ దాకా ముంచితే అరగంటలోపు సరైన చలికి వస్తుంది. గ్లాసులో ఐసు ముక్క వేయొద్దు. కరిగి నీళ్లవుతుంది, మూడో గుక్కకు రుచే ఉండదు. గ్లాసు మూడో వంతే నింపించుకుని కాడ పట్టుకుని తాగండి. అరచేతి వేడికి చల్ల వైన్ ఐదు నిమిషాల్లో వేడెక్కుతుంది.

బ్రూట్ బిరడా పెద్ద చప్పుడుతో ఎగరాలని అడగొద్దు. తీగను ఆరు సగం చుట్లు విప్పి, బిరడాను బొటనవేలితో నొక్కి పట్టి, సీసాను ఏటవాలుగా ఉంచి సీసానే తిప్పాలి. సన్నటి ఊపిరి వదిలినట్టు రావాలి. ఎగిరితే సగం గ్యాస్, గ్లాసు వైన్ బల్ల మీదికి పోతాయి.

ఎంత చెప్పాలి? 750 మిల్లీలీటర్ల సీసాకు 150 చొప్పున ఐదు గ్లాసులు. నలుగురికి ఒక బ్రూట్, ఒక షెనిన్ చాలు. తలకు 375 మిల్లీలీటర్లు వస్తుంది, మూడు గంటల భోజనానికి అది నిండుగానే ఉంటుంది. బావకు వేపుడుతో శిరాజ్ ఒక గ్లాసు, చింతచిగురుకు సొవిన్యోన్ రెండు గ్లాసులు తెప్పించి నలుగురూ పంచుకోండి. మధ్యలో నీళ్లు, వైన్ ఎంత తాగారో కనీసం అంత. బండి నడిపేది బాపో, డ్రైవరో కావాలి. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే నేరమే, రెండు గ్లాసులకే చాలామంది ఆ గీత దాటుతారు. నలుగురిలో 21 ఏళ్లు నిండనివాళ్లెవరూ లేరనుకుంటున్నాం, ఇక్కడ చట్టం అంతకు ముందు ఒప్పుకోదు.

బాపు, అమ్మల ముందు ఒట్టి నీళ్ల గ్లాసు పెట్టి ఊరుకోవద్దు. కల్లు లెక్కే వాళ్లకూ వర్తిస్తుంది, ఆల్కహాల్ తీసేస్తే సరి. సర్వపిండికి నిమ్మకాయ సోడా: ఒక గ్లాసుకు సగం నిమ్మచెక్క, ఒక చెంచా చక్కెర, చిటికెడు ఉప్పు. చింతచిగురుకు పుదీనా దంచి వేసిన అదే సోడా. నాటుకోడికి పల్చటి సల్ల, అల్లం ముక్క, కొత్తిమీర వేసి. వైన్ గ్లాసుల్లోనే పోయించండి. బల్ల మీద ఆరు గ్లాసులూ ఒకేలా ఉంటే గ్లాసు ఎత్తేటప్పుడు వాళ్లు వేరుగా కూర్చున్నట్టుండదు.

వడ్డించే క్రమం ఫోన్‌లోనే ఖాయం చేసుకోండి, లేకపోతే మనవాళ్ల అలవాటు కొద్దీ అన్నీ ఒకేసారి వచ్చేస్తాయి. సర్వపిండి, కొరమీను, మిరియాల వేపుడు, చింతచిగురుతో జొన్నరొట్టె, ఆ తర్వాతే నాటుకోడి, బగారా అన్నం. మధ్య మధ్య పావుగంట. నాటుకోడి ముందు వచ్చిందంటే ఆ తర్వాత ఏ వంట వాసనా తెలియదు.

తీపికి వచ్చేసరికి లెక్క ఒక్కటే: వైన్ తీపి వంట తీపి కంటే ఎక్కువ ఉండాలి, తక్కువైతే వైన్ పుల్లగా తగులుతుంది. లేట్ హార్వెస్ట్ అంటే ద్రాక్షను తీగ మీదే బాగా మగ్గనిచ్చి చేసింది, తేనెలా ఉంటుంది. 375 మిల్లీలీటర్ల చిన్న సీసా నలుగురికి తలా 90 చొప్పున సరిపోతుంది. వేడి పోలెల మీద నెయ్యి, లోపల బెల్లం, శనగపప్పు. ఆ బెల్లం వాసనకు లేట్ హార్వెస్ట్ బాగా అతుకుతుంది, 8 డిగ్రీల దాకా చల్లబడి ఉంటే. డబుల్ కా మీఠా పాకం దాన్ని కూడా మించిపోతుంది, దానికి వైన్ వెతకొద్దు. అది కావాలంటే పక్కన చక్కెర తక్కువ వేసిన చాయ్ చెప్పండి. ఏప్రిల్ చివర కాబట్టి మెనూలో లేకపోయినా తాటి ముంజలు ఉన్నాయా అని అడిగి చూడండి. ఉంటే పోలెల కంటే ముందు, గ్లాసులో మిగిలిన ఆఖరి షెనిన్‌తో తినండి.